మైనస్ ఒకటిలో సగం

నలభైలో పదకొండు. పెట్టె తెర మీద ఈ అంకె పన్నెండు కావడానికి డెబ్బై ఎనిమిది సెకన్లు పడుతుంది. గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. ఒక సెకను మాటకి డెబ్బై ఎనిమిది సెకన్ల లెక్క. నలభై సెకన్ల మాటకి యాభై రెండు నిమిషాలు. పెట్టె నా ముందు గాజు బల్ల మీద ఉంది, అరచేతిలో పట్టేంత పెట్టె, ఒక మూల పెచ్చు లేచింది, వీపు ఉబ్బింది. ఉబ్బింది బ్యాటరీ. విప్పితే లోపల ఉన్నది పోతుంది అంది రిపేరావిడ. విప్పకపోతే ఎంతసేపు వస్తుంది అన్నాను. గంట రావచ్చు, రాకపోవచ్చు అంది. గంట అనేది ఆవిడ నోటిమాట, యాభై రెండు నిమిషాలు నా లెక్క, ఈ రెంటి మధ్య నా భార్య ఆఖరి మాట ఉంది, ఉంటే. ఉంటే అని ఎందుకంటున్నానంటే మూడేళ్లుగా లేదనే అనుకున్నాను. మూడేళ్లు ఆమె మీద కోపంతో బతికాను. పోయిన మనిషి మీద కోపమేమిటని అడిగినవాళ్లున్నారు. పోయినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు. నాలుగు రోజులు నాతో మాట్లాడకుండా ఉండి, అట్లాగే పోయింది. నాకు తెలిసినది అది. పోయిన మంగళవారం దాకా అదే తెలుసు.

"టీ తాగుతారా బాబాయ్?" అంది రిపేరావిడ తల ఎత్తకుండా. కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో ఫోను పొట్ట తెరిచి పెట్టుకుంది. వద్దన్నాను. "అట్లా గుడ్లప్పగించి చూస్తే తొందరగా అవుతుందా? పాలు పొంగడానికి కాపలా కాసినట్టు." కాసేపటికి మళ్లీ, "లోపల ఏముందో చెప్పకూడదా?" అంది. మాట అన్నాను. "ఎవరిది?" మా ఆవిడది. భూతద్దం తీసింది, నా వైపు ఒకసారి చూసింది, లేచి వెళ్లి ఫ్యాను కట్టేసింది. "ఇప్పుడెందుకు? ఇంకా అరగంట పైనే ఉంది. వెయ్యండి," అన్నాను. "అబ్బ, కయ్యిమంటారేంటండీ," అని మళ్లీ వేసింది. ఫ్యాను రెక్కల్లో ఒకటి వంకర, తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది. కొట్టు నిండా కరిగిన సీసం వాసన. ఈ వాసన నాకు కొత్త కాదు. ఊరి బడి నుంచి బయటపడ్డాక నేను మొదట కూర్చున్నది ఇట్లాంటి కొట్లోనే, రేడియోల కొట్టు, వాటి పొట్టలు విప్పి వాటి గొంతులు బాగుచేసేవాణ్ని. అక్కణ్నుంచి లెక్కలకి వచ్చాను, లెక్కల నుంచి ఈ పెట్టెకి. పన్నెండు. వీధిలో వాన మొదలైంది, రేకు మీద చినుకులు విడివిడిగా వినిపిస్తున్నాయి.

పెట్టెకి మా కంపెనీ పెట్టిన పేరు గొంతుపెట్టె. మా ఆవిడ డబ్బా అనేది. గొంతు సన్నబడిపోయినవాళ్లు, గొంతులో నరం చచ్చిపోయినవాళ్లు, బటన్ నొక్కి పట్టుకుని దీనిలోకి మాట్లాడితే గాలి చప్పుడు, గరగర వడకట్టి మాటని మాత్రం పెద్దది చేసి బయటికి వదలాలి. అనుకున్నది అంత. దానికి చేయాల్సిన లెక్కలన్నీ చుక్క ఉన్న లెక్కలు, మూడు పాయింట్ ఏడు, సున్నా పాయింట్ సున్నా సున్నా రెండు, అట్లాంటివి, సెకనుకి లక్షలు. మా కంపెనీ పెద్దాయన కొన్న చిప్పుకి చుక్కలు రావు. చుక్కలు వచ్చే చిప్పు పెడితే బ్యాటరీ పూట కూడా రాదన్నాడు. రోగి చేతిలో ఉండేది రోజంతా ఉండాలి కదా అన్నాడు, అది నిజమే. చుక్కలు రాని చిప్పు చేత చుక్కల లెక్క చేయిస్తే చేస్తుంది, చేయదని కాదు. వేళ్లు మడిచి లెక్కపెట్టే పిల్లాడు పెద్ద గుణకారం చేసినట్టు చేస్తుంది. ఒక్కొక్క గుణకారాన్నీ వంద ముక్కలు చేసుకుని, ముక్క ముక్కా కలుపుకుని, ఆఖరికి సరిగ్గానే చెప్తుంది. ఈలోగా మాట్లాడినవాడు లేచి వెళ్లిపోతాడు.

మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి మొదట అట్లాగే రాసింది, చుక్కలతో. పరీక్ష గదిలో నలభై సెకన్లు మాట్లాడి యాభై రెండు నిమిషాలు కూర్చున్నాం. వచ్చిన గొంతు మాత్రం అద్దంలా ఉంది, ఊపిరి కూడా వినిపించింది. "బ్రహ్మాండంగా ఉందమ్మా, అవతలివాడు జవాబు చెప్పేసరికి సీజను మారుతుంది," అన్నాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. వారంలో మొత్తం తీసేసి నేను రాశాను. చుక్క అనేదే లేకుండా. ప్రతి అంకెనీ ముందు పెద్దది చేసి పూర్ణాంకం చేయడం, లెక్కలో ప్రతి మెట్టు మీదా మళ్లీ సగాలు సగాలుగా కోసుకుంటూ రావడం, కోసినప్పుడు మిగిలిన తోకని పారేయడం. మూడు పాయింట్ ఏడు మూడే. సున్నా పాయింట్ తొమ్మిది సున్నాయే. మాట ఇటు పడగానే అటు వినిపించింది. పెద్దాయన నా భుజం తట్టాడు. ఆఫీసులో నాకు గొడ్డలి అని పేరు పెట్టారు, నా వెనకా అన్నారు, ముందూ అన్నారు, నేను కాదనలేదు. ఆ అమ్మాయి ఒక్కతే బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "సార్, కోసిన ప్రతిసారీ కొంచెం పోతోంది కదా. నలభై మెట్లున్నాయి. బాగా సన్నగా మాట్లాడేవాళ్లకి ఏం మిగులుతుంది?" నేను తెర మీద నుంచి కళ్లు తీయలేదు. "సన్నగా మాట్లాడేవాళ్లని గట్టిగా మాట్లాడమను." అది నా జవాబు. నీ పాత ప్రోగ్రాం పెట్టెలోంచి తీసెయ్, చోటు దండగ, అని కూడా అన్నాను.

పదహారు. బ్యాటరీ బొమ్మలో మూడు గీతలుండేవి, ఇప్పుడు రెండు. మా ఊరి బడిలో లెక్కల మాస్టారు భాగహారం చెప్పేటప్పుడు జవాబు కంటే ముందు శేషం చూసేవాడు. పలక చేతిలోకి తీసుకుని, "శేషం ఎక్కడ రా?" "వదిలేశాను మాస్టారూ." "నీ అబ్బ సొమ్మా వదిలెయ్యడానికి?" పలక అంచుతో కణుపుల మీద కొట్టేవాడు. ఎడమ చెయ్యి మధ్య వేలు కణుపు ఇప్పటికీ కొంచెం లావు. ఆ మాస్టారు ఎట్లా పోయాడో నాకు తెలియదు, వెళ్లి చూడలేదు, కొట్టినవాణ్ని చూడ్డానికి వెళ్లే అలవాటు నాకు లేదు. కానీ శేషం కోసం నన్ను కొట్టినవాడు ఒకడుండగా శేషం పారేసి నేను ఆ జీతం తిన్నాను, పద్దెనిమిదేళ్లు. ఇప్పుడు కణుపు నొక్కుకుంటున్నాను. గడియారంలో సెకన్ల ముల్లు ఒక్కొక్క గీత దగ్గరా వణికి ముందుకి పోతోంది. పదిహేడు.

మా ఆవిడ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. రోజంతా చుక్కలు, కామాలు, ఒత్తులు వెతుక్కునే పని. పెదవులు కదిలీ కదలకుండా తనలో తను చదువుకుంటూ దిద్దేది, ఇంట్లో మాట్లాడినా అంతే, ఎదుటి మనిషికి కాక కాగితానికి చెప్తున్నట్టు. నాది ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కేకేస్తూ పెరిగిన గొంతు. ముప్పై ఒక్క ఏళ్లు నేను ఆమెతో ఎక్కువసార్లు అన్న మాట ఏదంటే గట్టిగా చెప్పు అన్నదే. వంటింట్లోంచి ఏదో అనేది, నేను ముందు గదిలోంచి "ఏంటీ? గట్టిగా చెప్పు," అనేవాణ్ని. ఆమె మళ్లీ చెప్పేది కాదు. చెప్పాలనుకుంటే తడి చేతులతో నా దగ్గరికి వచ్చి చెవి దగ్గర చెప్పేది, నేను వెళ్లలేదు ఎప్పుడూ. "నీకు చేతులు పొడుగిచ్చాడు బావా దేవుడు, నడుముకి పని లేకుండా," అనేది. చిన్నప్పటి నుంచీ బావే, పెళ్లయ్యాక కూడా బావే. ఆమె ప్రూఫు కాగితం కింద పడితే నేను వంగకుండా కాలివేళ్లతో పట్టుకుని పైకి తీసి ఇచ్చేవాణ్ని, అది చూసి, "వంగితే విరిగిపోతుందా?" అనేది. నవ్వేదో, కాదో. అప్పుడు నవ్వనే అనుకున్నాను. ఇప్పుడు ఆ మొహం గుర్తు తెచ్చుకుందామంటే పెదవులు కదలడమే గుర్తుకొస్తోంది, చప్పుడు లేదు.

గొంతులో గడ్డ అన్నారు. కోశారు. నరం పోయింది. ఉన్న సన్నని గొంతు ఇంకా సన్నబడింది. పెట్టెలు అప్పుడే తయారై వస్తున్నాయి, మొదటి వరసలో ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. గర్వంగా పెట్టాను, దాచడమెందుకు. బటన్ బొటనవేలితో నొక్కి పట్టుకుని, "డబ్బా బాగుంది," అంది. పెట్టెలోంచి గది నిండా వినిపించింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె వంటింట్లో అన్నది నాకు ముందు గదిలోకి వినిపించింది. అప్పుడు ఇంకా కొంచెం గొంతుంది ఆమెకి. నేను పెట్టెని పరీక్షించింది ఆ గొంతుతోనూ, నా గొంతుతోనూ. అంతకంటే కింద ఏముంటుందో చూడలేదు. పెట్టె పరీక్షకి పనికొస్తుందని లోపల ఒక మూల పెట్టిన ఏర్పాటు మాత్రం తీయడం మర్చిపోయాను: ఆఖరిసారి బటన్ నొక్కినప్పుడు లోపలికి వచ్చిన చప్పుడు, వడకట్టకముందు ఎట్లా వచ్చిందో అట్లా, నలభై సెకన్లు, మళ్లీ ఎవరైనా బటన్ నొక్కేదాకా ఉంటుంది. కరెంటు ఉన్నంతకాలమే గుర్తుంచుకునే రకం. అందుకే మూడేళ్లు దాన్ని ఛార్జింగు మీద నుంచి దించలేదు. ఈ పొద్దున చూస్తే దీపం వెలగలేదు. ఛార్జింగు ఎక్కే చోట లోపల మాడిపోయిందట.

ఇరవై రెండు. ఎవరో గొడుగు ముడుస్తూ వచ్చి ఫోను అయిందా అని అడిగాడు. "సాయంత్రం రండి. ఇక్కడ పెద్దాయన పరీక్ష రాస్తున్నారు, చప్పుడు చెయ్యకండి," అంది రిపేరావిడ. అతను నన్నూ పెట్టెనీ చూసి వెళ్లిపోయాడు. గొడుగు నీళ్లు గడప దగ్గర మడుగు కట్టాయి.

రెండోసారి ఆసుపత్రిలో చేర్చాక, ఆఖరి వారం. "ఇంటికి తీసుకుపో బావా," అంది, పెట్టెలో. బొంగురుగా వచ్చింది కానీ వచ్చింది. తర్వాత చూద్దాం అన్నాను. తర్వాత అనేది లేదని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు, అయినా అన్నాను, ఎందుకంటే ఇంట్లో ఆ నొప్పిని చూస్తూ నేనొక్కణ్నే కూర్చోలేను, ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి ఆమె బటన్ నొక్కితే పెట్టెలోంచి మాట రాలేదు. రొద వచ్చింది. సన్నగా, ఎడతెగని రొద, చెవి దగ్గర దోమలాగా. ఆ రొద ఏమిటో ప్రపంచంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేను పుట్టించినదే. నేను కోసే పద్ధతిలో యంత్రం తోకని ఎప్పుడూ కిందికే పారేస్తుంది. ఒకటిలో సగం అర, దాని కింద ఉన్న పూర్ణాంకం సున్నా, సున్నా అయిపోతుంది, బాగుంది. చప్పుడులో పైకి లేచే సగం ఉంటుంది, కిందికి పోయే సగం ఉంటుంది, కిందిది మైనస్. మైనస్ ఒకటిలో సగం మైనస్ అర. దాని కింద ఉన్నది సున్నా కాదు, మళ్లీ మైనస్ ఒకటే. దాన్ని మళ్లీ సగం చేసినా మైనస్ ఒకటే. వెయ్యిసార్లు సగం చేసినా అంతే. మంచిదంతా సున్నా అయిపోయాక కూడా ఆ ఒక్కటి చావదు, వడపోతలో చుట్టూ తిరుగుతూ రొద పెడుతుంది. లోపలికి చప్పుడేమీ రానప్పుడు వచ్చే రొద అది అని కంపెనీ పుస్తకంలో నేనే రాశాను. కాబట్టి ఆమె బటన్ నొక్కి నోరు కదుపుతోంది, మాట్లాడటం లేదు. నాకు అర్థమైంది అది. పెదవులు కదిలేవి. ఆమె పెదవులు ఎప్పుడూ కదిలేవే, ప్రూఫులు చదివే పెదవులు. నన్ను ఏడిపించడానికి కదుపుతోంది అనుకున్నాను. ఇంటికి తీసుకుపోలేదని పంతం పట్టింది అనుకున్నాను. మనిషి మీద అనుమానం వచ్చింది నాకు, నా లెక్క మీద రాలేదు.

ఇరవై ఆరు. నాలుగో రోజు మధ్యాహ్నం నేను కేకలేసి లేచి వెళ్లిపోయాను. నడవా చివర కిటికీ దగ్గర పేపరు తెరిస్తే అక్షరాలు కనిపించలేదు, కళ్లజోడు గదిలోనే ఉండిపోయింది. పది నిమిషాలకి తిరిగి వెళ్లాను. నేను కళ్లజోడు పెట్టింది బల్ల మీద. అది దిండు మీద ఉంది, ఆమె చెంప పక్కన. ఎక్కడ పడితే అక్కడ పడేస్తారు అని నర్సుని తిట్టుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. నిద్ర. నిలబడ్డచోటి నుంచే చెయ్యి చాచి రెండు వేళ్లతో కళ్లజోడు తీసుకుని వచ్చేశాను. మర్నాడు తెల్లవారేసరికి ఆమె లేదు. ఇంటికొచ్చాక ఆమె సంచిలోంచి పెట్టె తీసి, లోపల దాచి ఉంచినది వినిపించాను, మామూలు దారిలోనే, నా ప్రోగ్రాంతోనే. నా గొంతు వచ్చింది, ఖంగుమని. చెప్పు అన్నాను. రొద. గట్టిగా అన్నాను. రొద. మాట్లాడకు అన్నాను. తలుపు చప్పుడు. రొద. ఇదిగో సాక్ష్యం అనుకున్నాను. కోపం చల్లారినట్టు అనిపించిన ప్రతిసారీ అది పెట్టుకుని విన్నాను. ఆమె చెల్లెలు ఒకసారి వచ్చి, "ఎన్నాళ్లు బావగారూ ఆ మొహం?" అని అడిగితే, "మీ అక్కని అడుగు, నాలుగు రోజులు నోరు విప్పలేదు," అన్నాను. ఆ మనిషి మళ్లీ మా గడప తొక్కలేదు. మంచిదే అనుకున్నాను.

మంగళవారం ఫోను చేసింది ఆ అమ్మాయి. ఇప్పుడు నా కుర్చీలో కూర్చునేది ఆ అమ్మాయే. "సార్, కొత్త చిప్పు వచ్చింది, చుక్కలు వచ్చే చిప్పు. మీ పాత ప్రోగ్రాం తీసేస్తున్నాం. మీకు చెప్పి తీద్దామని." తీసెయ్యండి, నన్నడగడమెందుకు అన్నాను. పెట్టేయలేదు ఫోను. "ఒక మాట సార్. రోగుల ఇళ్ల నుంచి ఉత్తరాలు చాలా వచ్చాయి. ఆఖరి రోజుల్లో మాట్లాడుతుంటే రొద ఒక్కటే వస్తోందని. నేను కొలిచి చూశాను. ఒక హద్దు కింద మాట మొత్తం సున్నా అయిపోతోంది. అంత సన్నగా మాట్లాడేవాళ్లుంటారని అప్పుడు మనం అనుకోలేదు." మనం కాదు, నువ్వు అనుకున్నావు అన్నాను. "మేడం దగ్గర ఉన్న పెట్టె మీ దగ్గరే ఉందా సార్?" ఉంది. "దాంట్లో నా పాత ప్రోగ్రాం ఉంది. మీరు తీసెయ్యమన్నారు. నేను తీయలేదు. మూడు బటన్లు కలిపి నొక్కితే నడుస్తుంది. నన్ను తిట్టండి సార్, పర్లేదు." తిట్టలేదు. నా కింద పనిచేసేటప్పుడు తెలిసి ఉంటే ఆ రోజే ఉద్యోగంలోంచి తీసేసేవాణ్ని. అది కూడా నిజమే, చెప్తున్నాను. ఫోను పెట్టేశాక మూడు బటన్ల మీదా మూడు వేళ్లు పెట్టి, తీసేశాను. ఆరు రోజులు అట్లాగే పెట్టాను, తీశాను. ఆమె మాట్లాడలేదనేదాని మీద మూడేళ్లు కట్టుకున్నాను. మాట్లాడి ఉంటే నేనేం కావాలి? ఈ పొద్దున దీపం ఆరిపోకపోతే ఇంకా అట్లాగే ఉండేవాణ్నేమో. ఈ కొట్లోకి వచ్చాకే మూడూ కలిపి నొక్కాను.

ముప్పై ఒకటి. బ్యాటరీ బొమ్మలో ఒకటే గీత మిగిలింది, అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. రిపేరావిడ భూతద్దం పైకి జరిపి వంగి చూసింది. "బాబాయ్, ఇది ఇంక ఎక్కువసేపు లాగదు. దీన్ని ఆపి, అయినంతవరకు వినే వీలుందా?" ఉంది అన్నాను. "అయితే ఆపండి మరి. ముప్పై ఒకటి వచ్చాయి కదా. తొమ్మిది సెకన్ల కోసం ఉన్నది కూడా పోగొట్టుకుంటారా?" ఆవిడ చెప్పింది సరైన లెక్క. నేనైనా అదే చెప్పేవాణ్ని. అంతేకాదు, ఆవిడకి తెలియనిది నాకు తెలుసు: తలుపు చప్పుడు ముప్పై ఒకటో సెకను మీద ఉంది. అంతకు ముందున్నదంతా మేమిద్దరం. తర్వాత తొమ్మిది సెకన్లూ ఎవరూ లేని గది. నేను వెళ్లిపోయాక నిద్రలో ఆమె వేలు బటన్ మీద ఉండిపోయి ఉంటుంది, ఇన్నాళ్లూ అట్లాగే అనుకున్నాను. పారేయాల్సిన తోక ఏదైనా ఉంటే అదే. వేలు ఆపే బటన్ మీద పెట్టాను. బటన్ వేలికి ఎదురు తన్నింది. గట్టి బటన్. మాట్లాడే బటన్‌కీ దీనికీ లోపల ఒకటే రకం స్ప్రింగు, నేనే ఎంచాను. జేబులో ఉన్నప్పుడు దానంతటది నొక్కుకోకూడదని అన్నింట్లోకీ బిగువైనది తెప్పించాను. వాడేవాళ్లకి వేలు నొప్పి పుడుతుందంటే పుట్టనీ అన్నాను.

నిద్రపోయే చేతికి ఈ స్ప్రింగుని నొక్కి ఉంచడం సాధ్యం కాదు.

వేలు తీసేశాను. ఆమె ఆ తొమ్మిది సెకన్లూ నొక్కి పట్టుకుని ఉంది. పట్టుకోగలిగినంత బలమంతా పెట్టి పట్టుకుని ఉంది. "ఏంటి బాబాయ్, ఆపరా?" ఆపను అన్నాను. "పోతే?" పోతే పోతుంది. ఆవిడ ముక్కాలి పీట లాక్కుని నా పక్కన కూర్చుంది. ముప్పై రెండు. వాన జోరెక్కింది, రేకు మీద చినుకులన్నీ ఒకటే చప్పుడైపోయాయి. ముప్పై మూడు. పెట్టె మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది, జ్వరం వచ్చిన పిల్ల నుదురులాగా, లోపల అది వేళ్లు మడుచుకుంటూ ఒక్కొక్క చుక్కనీ ఎత్తుకుంటోంది, ఏదీ వదలకుండా. ఆ అమ్మాయి ప్రోగ్రాం నాలాగా ఏ తోకనీ పారేయదు, నేను వద్దన్న పని మూడేళ్లు దాచుకుని ఇప్పుడు చేస్తోంది. ముప్పై ఐదు. మాస్టారు గుర్తొచ్చాడు, పలక, శేషం. ముప్పై ఆరు. బతికుండగా ఆమె మాట కోసం ఇంతసేపు ఎప్పుడు కూర్చున్నాను? గుర్తు లేదు. లేదు కాబట్టి గుర్తు లేదు. ముప్పై ఎనిమిది. కొట్టుకునే గీత మధ్య మధ్య కనిపించకుండా పోతోంది. "తల్లీ, ఇంకొక్కటి," అంది రిపేరావిడ పెట్టెతో. ముప్పై తొమ్మిది. ఆవిడ తన ఫోను తీసి పెట్టె పక్కన పెట్టబోయింది, రికార్డు చేస్తానని. తీసెయ్యండి అన్నాను. మధ్యలో ఇంకో యంత్రం వద్దు.

నలభై.

ఆవిడ లేచి ఫ్యాను కట్టేసింది. వినిపించే బటన్ నొక్కి, తల వంచి, గాజు బల్ల మీద ఉన్న పెట్టెకి చెవి ఆనించాను.

మొదట గది వచ్చింది. ఆ గది. ఎక్కడో దూరంగా చక్రాల బండి, పక్క మంచం మీద ఎవరో దగ్గడం, ఆమె ఊపిరి. ఇవేవీ మూడేళ్లలో ఒక్కసారి వినలేదు నేను, వీటన్నిటినీ సున్నా చేశాను. తర్వాత నా గొంతు, అసహ్యంగా పెద్దగా: "చెప్పు." ఊపిరి. ఆ ఊపిరిలోంచి, ప్రూఫు చదువుతున్నట్టు, అక్షరం అక్షరం: "ఆ డబ్బా పక్కన పెట్టి చెవి ఇటు పెట్టు బావా." నా గొంతు: "ఏమీ రావట్లేదు. గట్టిగా!" ఆమె: "గట్టిగా లేదు నా దగ్గర. దగ్గరికి రా." నా గొంతు: "నాలుగు రోజులైంది. ఇంటికి తీసుకుపోలేదని పట్టావు కదా పంతం?" ఆమె: "పంతం కాదు... ఒక్కసారి వంగు." నా గొంతు: "సరే. మాట్లాడకు. నేనూ మాట్లాడను." కుర్చీ కాళ్లు నేల మీద గీసుకోవడం, అడుగులు, తలుపు. ముప్పై ఒకటి. ఇక్కడ రొద రావాలి. రాలేదు. ఆమె ఊపిరి, ఒకటి, రెండు. దుప్పటి కదిలిన చప్పుడు. ఏదో బల్ల మీద జరిగింది, గాజు దేనికో తగిలి చిన్నగా మోగింది. తర్వాత, తనలో తను, నవ్వేటప్పుడు ఎట్లా ఉండేదో ఆ గొంతు, నాకు గుర్తు రానిది:

"కళ్లజోడు మర్చిపోయాడు... ఇక్కడ పెడతా, దిండు మీద. తీసుకోవాలంటే వంగాలి కదా."

ఆ తర్వాత ఏమీ లేదు. పెట్టె వేడి చెవికి తగులుతూనే ఉంది, లోపల ఏమీ లేదు. కన్ను వార చూస్తే తెర నల్లబడింది.

"వినిపించిందా బాబాయ్?" అంది రిపేరావిడ. మూడు నాలుగుసార్లు అడిగినట్టుంది. గాజు బల్ల చెంపకి చల్లగా ఉంది. నా కళ్లజోడు ముక్కు మీద నుంచి జారి చెంప పక్కన పడింది. దాన్ని తీసుకోలేదు, లేవలేదు, అట్లాగే వంగి ఉన్నాను.